కూర్మారావు వీసా కథ

మా ఇంట్లో నాలుగో శాల్తీ పేరు కూర్మారావు. అమ్మ, నాన్న, నేను, తర్వాత వాడు. తాబేలు లెండి. వాడు కాదు, ఆమె అని ఆలస్యంగా తెలిసింది. ఆ ముచ్చట తర్వాత చెప్తా.

2020 ఫిబ్రవరి. హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్త. నెల జీతం పడిన శనివారం రూమ్మేటుతో కలిసి ఒక అక్వేరియం షాపులోకి ఊరికే వెళ్ళాను. ఊరికే వెళ్ళిన చోటే డబ్బులు ఖర్చవుతాయి కదా. గాజు తొట్టిలో ఐదు రూపాయల బిళ్ళ కన్నా కాస్త పెద్దగా, ఆకుపచ్చగా, చెవుల దగ్గర ఎర్ర చారలతో ఓ పాతిక పిల్లలు ఈదుతున్నాయి. "ఎంత పెద్దదవుతుంది?" అనడిగా. "ఇంతే ఉంటుంది సార్, పెరగదు" అన్నాడు కుర్రాడు. ఇంజనీరింగు నాలుగేళ్ళు చదివిన నేను నమ్మేశాను. ప్రాణం ఉన్నది పెరగకుండా ఎలా ఉంటుందని ఒక్క ప్రశ్న తట్టలేదు. చిన్న ప్లాస్టిక్ డబ్బా, మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, ఎండు రొయ్యల సీసా... అన్నీ కలిపి ప్యాక్ చేసిచ్చాడు.

మార్చిలో ఆఫీసు వాళ్ళు ఇంటి నుంచి పని చెయ్యమన్నారు. లాప్‌టాప్ ఒక సంచిలో, కూర్మారావు ఒక డబ్బాలో. మిర్యాలగూడ, వాడపల్లి, దాచేపల్లి మీదుగా పిడుగురాళ్ళలో దిగి, ఆటో ఎక్కి మాచవరం చేరాను. అమ్మ డబ్బాలోకి తొంగిచూసి "ఏందిరా ఇది, ఉద్యోగానికి పోయి తాబేలుని తెచ్చావా?" అంది. నాన్న మాత్రం "కూర్మావతారం, ఉండనీ" అన్నారు. పేరు అలా ఖాయమైంది.

మూడు నెలలు బానే ఉంది. ఆ తర్వాత తిండి మానేసింది. కళ్ళు ఉబ్బి మూసుకుపోయాయి. చిప్ప వేలితో నొక్కితే మెత్తగా, అప్పడం నానినట్టు అణుగుతోంది. ఊళ్ళో పశువుల డాక్టరుగారికి గేదెల సంగతి తెలుసు, తాబేలు సంగతి తెలియదని ఆయనే నిజాయితీగా చెప్పారు. చివరికి హైదరాబాదులో పక్షులకీ తాబేళ్ళకీ వైద్యం చేసే ఒకాయన్ని వెతికి పట్టుకుని వీడియో కాల్ చేశాను.

ఆయన మూడే ప్రశ్నలు అడిగాడు. ఏం పెడుతున్నారు? ఎండు రొయ్యలు. ఎండ తగులుతోందా? కిటికీ పక్కనే పెట్టానండీ. కిటికీకి అద్దం ఉందా? ఉంది.

"అద్దంలోంచి వెలుగొస్తుంది, వేడొస్తుంది. దానికి కావలసిన యూవీ-బి రాదు" అన్నాడు. ఆ కిరణం ఒంటి మీద పడితేనే దానికి విటమిన్ డి3 తయారవుతుంది. డి3 లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఒంటికి పట్టదు. మన భాషలో చెప్పాలంటే లైబ్రరీ ఉంది, లింక్ అవ్వలేదు. అమ్మ అప్పటికే "చిప్ప మెత్తబడితే సున్నం వెయ్యాలి, పిడుగురాళ్ళ నిండా సున్నం బట్టీలేగా" అని సలహా ఇచ్చి ఉంది. ఆ పని చెయ్యనందుకు డాక్టరు మెచ్చుకున్నాడు, సున్నం నీళ్ళలో పడితే తాబేలు ఒళ్ళు కాలిపోయేది. కళ్ళ ఉబ్బు విటమిన్ ఎ లోపం. ఎండు రొయ్యలు మనకి చిప్స్ లాంటివి, భోజనం కాదు. తాబేళ్ళ గుళికల మేత, దానితో పాటు క్యారెట్టు తురుము, గుమ్మడికాయ ముక్క పెట్టమన్నాడు. పాలకూర ఎక్కువ వద్దన్నాడు, అందులో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయట.

ఎండకేం కొదవ? రెంటచింతల మా పల్నాడులోనే కదా ఉంది! కానీ మా ఎండ మందూ అదే, విషమూ అదే. తాబేలు ఒంటికి సొంత వేడి ఉండదు, బయట ఎంతుంటే అంత. లోతులేని తొట్టిని మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేస్తే పులుసైపోతుంది. అందుకని పొద్దున ఏడింటికి స్టాండప్ మీటింగుకి ముందు దాన్ని పెరట్లో పెట్టి, సగం తొట్టి మీద తాటాకు కప్పేవాణ్ణి. కావాలంటే ఎండలోకి, వద్దనుకుంటే నీడలోకి. రెండో వారంలో ఒక కన్ను తెరిచింది. చిప్ప గట్టిపడటానికి మాత్రం నెలలు పట్టింది. నేను ప్రొడక్షన్ ఇష్యూలు చాలా చూశాను గానీ, నా అజ్ఞానం వల్ల ఒక ప్రాణి అలా గుడ్డిగా నీళ్ళలో తేలుతుంటే చూడటం వేరు.

అప్పుడు కూర్చుని చదివాను. కొనకముందు చదవాల్సింది, కొన్న ఆర్నెల్లకి. దీని పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. సొంతూరు అమెరికాలో మిసిసిపీ నదీ ప్రాంతం. ఆడదైతే చిప్పే అడుగు దాకా పెరగగలదు. సరిగ్గా చూసుకుంటే ముప్ఫయ్యేళ్ళు బతుకుతుంది, అంటే నా హోమ్ లోన్ కన్నా ఎక్కువ. చిప్ప అంగుళానికి సుమారు నలభై లీటర్ల నీళ్ళుండాలని ఒక లెక్క. నా ప్లాస్టిక్ డబ్బాలో పట్టేది రెండు లీటర్లు! వీటి ఒంటి మీద సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు, అందుకే అమెరికాలో నాలుగంగుళాల లోపు చిప్ప ఉన్న పిల్లల అమ్మకాన్ని 1975లోనే ఆపేశారు. కానీ ఎగుమతి ఆపలేదు. 1989-97 మధ్య ఐదు కోట్లకు పైగా బయటి దేశాలకి పంపారు. తమ పిల్లలకి వద్దన్నది మన పిల్లలకి అమ్మారన్నమాట. ఇది చదివాక మా ఇంట్లో రూలు: దాన్ని ముట్టుకుంటే సబ్బుతో చేతులు, దాని తొట్టి వంటింటి సింకులో కడగటం నిషేధం.

నీళ్ళలో క్లోరిన్ పోవటానికి బకెట్లు ఒకరోజు ముందే పట్టి ఉంచటం, సగం నీళ్ళు మార్చటం, తీసిన మురికినీళ్ళు అరటి మొక్కలకి పొయ్యటం... మా అరటి గెలల రహస్యం ఇప్పటికీ పక్కింటివాళ్ళకి తెలియదు :)

మరుసటేడు వానాకాలంలో మా వీధి పిల్లాడొకడు బకెట్టుతో వచ్చాడు. "అన్నా, మీ తాబేలుకి జోడీ" అన్నాడు. చూస్తే కాలవ గట్టున దొరికిన మన నాటు నీటి తాబేలు, మెత్తటి చిప్పది. కాళ్ళు లోపలికి లాక్కున్నాక కింద తలుపుల్లాంటి మడతలతో మూసేసుకుంటుంది. ఎండాకాలం కాలవ ఎండితే బురదలో దూరి నెలల తరబడి ఉండగలదు. సాగర్ కాలవ నీళ్ళ కోసం ఎదురుచూసే మా పల్నాడు రైతుకి అచ్చం చుట్టం.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఇది మొదటి షెడ్యూలులో ఉంది, పులితో సమానం. పట్టుకున్నా, ఇంట్లో ఉంచుకున్నా మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు. పిల్లాడికి చెప్తే నమ్మలేదు. "ఇది మన ఊరిదేగా?" అన్నాడు. "అందుకేరా" అన్నాను. ఇద్దరం వెళ్ళి దొరికినచోటే వదిలాం. అది వెనక్కి చూడకుండా బురదలోకి పోయింది.

వచ్చేటప్పుడు వాడు అడిగాడు: "మరి నీ దాన్ని కూడా వదిలెయ్యొచ్చుగా?"

నాకూ అప్పటికి అదే ఆలోచన ఉంది, ఒప్పుకుంటున్నా. చదివితే తెలిసింది, అందరూ చేసిన తప్పు సరిగ్గా అదే. పిల్లప్పుడు ముద్దుగా కొనటం, అరచేతికి మించగానే చెరువులోనో గుడి కోనేటిలోనో పుణ్యమనుకుని వదలటం. ప్రపంచంలో అతి చెడ్డ వంద చొరబాటు జీవుల జాబితాలో దీని పేరుంది. 2018లో కేరళ త్రిస్సూరు దగ్గర కాలవలో, 2020లో గౌహతి ఉగ్రతార గుడి కోనేటిలో దొరికింది. నాటువాటి తిండి ఇదే తినేస్తుంది, ఎండ కాచుకునే రాళ్ళు ఇదే ఆక్రమిస్తుంది, రోగాలు అంటిస్తుంది. మా మండలం పక్కనే కృష్ణ. 45.77 టీఎంసీల పులిచింతల వెనక నీళ్ళున్నాయి. అందులో ఒక్కదాన్ని వదిలితే వెనక్కి తెచ్చే రోల్‌బ్యాక్ లేదు.

అంటే లెక్క ఇలా తేలింది: మనది ఇంట్లో ఉండకూడదు, అమెరికాది బయటికి పోకూడదు. వన్ వే టికెట్టు మీద తెచ్చింది నేను, కాబట్టి పూచీ నాది.

ఇప్పుడు దాని చిప్ప ఏడంగుళాలు. మొన్నామధ్య తిండి మానేసి రాత్రంతా తొట్టి గోడల్ని గోకుతుంటే జబ్బనుకుని హడలిపోయా. డాక్టరు ఫోటో చూసి, ముందు కాళ్ళ గోళ్ళు పొట్టిగా ఉన్నాయి, ఆడది, గుడ్లు పెట్టటానికి మట్టి వెతుకుతోందన్నాడు. జోడీ లేకపోయినా పెడతాయట, చోటు దొరక్కపోతే గుడ్లు లోపలే ఇరుక్కుని చచ్చిపోవచ్చట. తడి ఇసక పోస్తే తెల్లారేసరికి నాలుగు తెల్లటి గుడ్లు. పిల్లలు కానివే. అమ్మ మాత్రం వాటికి పసుపు బొట్టు పెట్టింది. కూర్మారావు అన్న పేరు మార్చలేదు, అలవాటైపోయింది.

అసలు ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నాకు రెండేళ్ళ ఆన్‌సైట్ వచ్చింది. అది పుట్టిన దేశానికే. విని నేనొక్కణ్ణే నవ్వుకున్నా. "తాబేలు కోసం వద్దన్నాను" అని రాస్తే బావుంటుంది గానీ నిజం కాదు. వెళ్తున్నాను.

వెళ్ళేలోపు పెరట్లో సిమెంటు తొట్టి కట్టించాను. నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, అడుగు లోతు నీళ్ళు, అంటే 280 లీటర్లు. ఎక్కి కూర్చోటానికి బండ, ఒక మూల ఇసక, కుక్కలూ కోతులూ రాకుండా పైన మెష్. నీళ్ళు వదలటానికి అరటి పాదుల్లోకి పైపు, నాన్న వంగి బకెట్లు మొయ్యక్కర్లేకుండా. రోజూ చేసేవీ, వారానికోసారి చేసేవీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాను. జీవితంలో నేను రాసిన అతి మంచి కేటీ డాక్యుమెంట్ అదే.

నాన్న కాగితం చదివి "అన్నీ రాశావు, సెలవులెప్పుడో రాయలేదే" అన్నారు. తాబేలుకి సెలవులేంటి నాన్నా అన్నాను. "నీ సెలవులురా" అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. చిన్న డబ్బాలో తెచ్చినదాని బాధ్యత అరవై దాటిన ఇద్దరి చేతుల్లో పెట్టి వెళ్తున్నానని అప్పుడు గట్టిగా తగిలింది. వాళ్ళని చూసుకునే కాగితం ఎవరికి రాసివ్వాలో తట్టలేదు. ఆ రాత్రి కాగితం కింద ఒక లైను కలిపాను: ఏడాదికి ఒకసారి, సంక్రాంతికి. నాన్న దాని పక్కన టిక్కు పెట్టలేదు. వచ్చాక పెడతారట.

మీలో ఎవరైనా జీతం పడిన శనివారం అలాంటి షాపులోకి ఊరికే వెళ్తే, దయచేసి చేపల్ని చూసి వచ్చెయ్యండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం పెద్ద తొట్టి, అద్దం అడ్డు లేని ఎండ, సరైన మేత ఇవ్వండి. పుణ్యమని కాలవలో వదలకండి. ముప్ఫయ్యేళ్ళు తోడుంటానని మీరు మాటిచ్చినట్టే, అడక్కుండానే.