అమ్మమ్మల బల్ల

దూరాల ఊళ్లకు బయల్దేరే బస్సులు, కూరగాయల గుట్టలు, బేరాల కేకలు... జింబాబ్వే రాజధాని హరారేలోని ఎంబారే పేట ఎప్పుడూ సందడే. ఆ పేటలోని ఆసుపత్రి ఆవరణలో మాత్రం చెట్టు నీడన ఓ చెక్క బల్ల ఉంటుంది. దాని మీద ఓ అమ్మమ్మ, పక్కన మరో మనిషి. చూసేవారికి అవి కబుర్లే. నిజానికి అక్కడ జరిగేది వైద్యం!

2005లో ప్రభుత్వం ఇలాంటి పేటల్లో ఇళ్లూ దుకాణాలూ కూల్చేసింది. దేశం మొత్తమ్మీద గూడో ఉపాధో పోయినవారు దాదాపు 7 లక్షల మందని ఐక్యరాజ్యసమితి అంచనా. ఆ కూల్చివేతలకు పెట్టిన పేరుకు అర్థం 'చెత్త ఊడ్చేయడం'. కూలిన గోడ అందరికీ కనిపిస్తుంది. చెత్త అనిపించుకున్న మనసు ఎవరికి కనిపిస్తుంది?

అదే ఏడాది బస్సు ఛార్జీలకు డబ్బుల్లేక ఆసుపత్రికి రాలేకపోయిన ఓ యువతి ప్రాణం తీసుకుంది. ఆమెకు వైద్యం చేస్తున్న మానసిక నిపుణుడు డిక్సన్ చిబండాను ఆ మరణం కలచివేసింది. వైద్యమే జనం దగ్గరకు వెళ్లాలనుకున్నారు. 2006లో ఎంబారేలో 14 మంది అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చారు. మానసిక ఆరోగ్యం పేరు పెడితే ఎవరూ రారని వాళ్లే చెప్పడంతో అది 'స్నేహపు బల్ల' అయింది.

అమ్మమ్మ జబ్బు పేరెత్తదు. షోనా భాషలో 'కుఫుంగిసిసా' అంటుంది. అంటే అతిగా ఆలోచించడం. మన తెలంగాణ పల్లెల్లో 'మనాది పెట్టుకున్నాడు' అంటారే, అలాగన్నమాట! వారం రోజుల సంగతి అడుగుతుంది. నిద్ర పట్టిందా? చిన్నదానికే కోపమొచ్చిందా? కడుపులో నొప్పి? ఏడుపొచ్చిందా? పని వెనకబడిందా? ఇలా 14 ప్రశ్నలు. పైకి కనిపించని గాయానికి ఇవే ఆనవాళ్లు.

తర్వాత మనసు విప్పి చెప్పనిస్తుంది. ఉన్న కష్టాల్లో ఒక్కదాన్ని వచ్చినవారే ఎంచుకోవాలి. ఆ వారం చేయగలిగిన చిన్న పనేదో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. కొన్ని వారాలయ్యాక తోటివారి బృందంలో చేరి, సంచులు అల్లుతూ మాట్లాడుకోవచ్చు. చనిపోవాలన్న ఆలోచన ఉంటే మాత్రం పై వైద్యులకు చూపిస్తారు.

573 మందిపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆరునెలల తర్వాత మామూలు వైద్యం పొందినవారిలో సగం మందికి కుంగుబాటు లక్షణాలుంటే, బల్ల మీద కూర్చున్నవారిలో నూటికి 14 మందికే ఉన్నాయి. ఆ బల్ల మలావీకి, జాంజిబార్‌కి, న్యూయార్క్‌కీ వెళ్లింది.

నలుగురిలో మార్కుల గురించి మాట పడ్డ పిల్లాడు, వంటకు వంకలు పెట్టించుకున్న కొత్తకోడలు... 'ఆమాత్రం దానికేనా?' అనేస్తాం. వాళ్లకు నిద్ర పడుతోందా అని అడిగామా? మనకూ అరుగులున్నాయి, అమ్మమ్మలున్నారు. పక్కన కాస్త చోటిచ్చి, మధ్యలో అడ్డు తగలకుండా వింటే చాలు. అంతకు మించిన బాధైతే 'టెలీ మానస్' నంబరు 14416 ఉండనే ఉంది.