ముందు దూడ తాగాలి

తెనాలి దగ్గరి ఆ పల్లెకు మేం చేరేసరికి గేదె ఈని గంట కూడా కాలేదు. మా మేనల్లుడు పశువైద్య కళాశాలలో మైక్రోబయాలజీ చెబుతాడు. దూడల విరేచనాల మీద పనిచేస్తూ చుట్టుపక్కల పాకల్లో పేడ నమూనాలు తీసుకుంటున్నాడు. "రోటావైరస్ గురించి రాస్తానన్నారుగా మామయ్యా, ల్యాబులో ఏం కనబడుతుంది, పాకలోకి రండి" అని వెంటబెట్టుకు వెళ్లాడు.

అతను చూపించినవి చాలానే ఉన్నాయి గానీ నా కళ్లు ఆ ఇంటి పెద్దావిడ చేతుల మీదే ఉండిపోయాయి. డెబ్బై దాటి ఉంటాయి. దూడ ఇంకా నిలదొక్కుకోలేక తూలుతోంది. ఆవిడ గడ్డి పోచలతో దాని ఒళ్లంతా రుద్ది, ముక్కులో జిగురు వేలితో తీసి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగింది. ఒక్కో చన్ను నుంచి రెండేసి ధారలు నేల మీదికి వదిలేసి, ఆ తర్వాత సత్తుగిన్నెలోకి పిండింది. పాలు పసుప్పచ్చగా, గిన్నె అంచును పట్టుకునేంత చిక్కగా ఉన్నాయి. రెండు వేళ్లు పాలలో ముంచి దూడ నోట్లో పెట్టింది. అది చప్పరించడం మొదలెట్టగానే చేతిని మెల్లగా గిన్నెలోకి దించింది. మూతి పాలలో ఉంది, ముక్కు మాత్రం పైనే ఉండేలా బొటనవేలితో దవడను ఆపింది. "పొలమారిందంటే పాలు గుండెల్లోకి పోతాయయ్యా" అంది నా వైపు చూడకుండానే.

అప్పటికింకా మావి పడలేదు. మన వైపు చాలా ఇళ్లల్లో మావి పడేదాకా దూడకు పాలు పట్టరు. ఆవిడ కొడుకూ అదే గొణిగాడు. "ఈలోపు ఇది చస్తే నువ్విస్తావా దూడని?" అని కసిరింది.

ఆవిడ తొందరకు కారణం ఉంది. కడుపులో ఉండగా తల్లి యాంటీబాడీలు మనిషి బిడ్డకు చేరినట్టు దూడకు చేరవు. మావి వాటిని దాటనివ్వదు. దూడ దాదాపు ఏ రక్షణా లేకుండా భూమ్మీద పడుతుంది. ముర్రుపాలలోని యాంటీబాడీలను చెక్కుచెదరకుండా రక్తంలోకి పీల్చుకునే శక్తి దాని పేగుకు తొలి గంటల్లోనే ఎక్కువ. ఒక రోజు గడిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

దూడకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌ను ఊహించుకోవాలంటే పల్లేరుకాయను తలచుకోండి. మూడు పొరల గుండ్రటి గుల్ల, దాని మీద 60 ముళ్లు. పైపొర వీపీ7 అనే ప్రోటీన్, ముళ్లు వీపీ4. పేగులో ఉండే ట్రిప్సిన్ ఆ ముల్లును రెండు ముక్కలు చేసినప్పుడే వైరస్‌కు కణంలోకి దూరే బలం వస్తుంది. తల్లి శరీరం ఎప్పుడో ఈ వైరస్‌తో పోరాడి తయారుచేసుకున్న యాంటీబాడీలు ఈ రెండు ప్రోటీన్లనూ పడతాయి. ముల్లును పడితే వైరస్ కణానికి అంటుకోలేదు. వీపీ7ను పడితే పైపొర విడిపోదు, అది విడిపోకుండా లోపల పని మొదలవదు. మధ్యపొర వీపీ6 మీదా బోలెడు యాంటీబాడీలు పుడతాయి గానీ వాటికి వైరస్‌ను గుమ్మం దగ్గరే ఆపే సత్తా లేదు.

ఇంకో చిక్కు కూడా చెప్పాడు మేనల్లుడు. ఈ రోగాన్ని ఆపడంలో రక్తంలోని యాంటీబాడీల కంటే పేగులో ఉన్నవే ముఖ్యం. నాలుగైదు రోజుల్లో పాలలో అవి పలచబడతాయి. దూడకు పారుడు పట్టుకునేది సరిగ్గా ఆ తర్వాతే, రెండు మూడు వారాల వయసు లోపు. అందుకే మిగిలిన ముర్రుపాలు దాచి, రోజూ కాసిని మామూలు పాలలో కలిపి రెండు వారాలు పట్టమంటాడు. ఆ మిగిలిన పాలు జున్నుకు పోతున్నాయి. మేం ఉండగానే ఆ కొడుక్కి జున్నుపాల కోసం టౌను నుంచి ఫోన్లు వచ్చాయి. దూడ తాగిందా అని ఒక్కరూ అడగలేదు. నాకు ఒళ్లు మండింది.

పెద్దావిడకు వేరే బాధ ఉంది. "పాలిచ్చేదానికి జొరమొస్తే మందులతో బండేసుకొస్తారు. దూడ తెల్లగా పారుకుంటా పడుంటే ఎవరొస్తారయ్యా? దున్నదూడైతే మరీనూ." పశువుల ఆసుపత్రి గోడ మీద టీకాల జాబితా చదివాను. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, బ్రూసెల్లా ఉన్నాయి. దూడల విరేచనాల ఊసే లేదు. యూరప్‌లో కాన్పుకు ముందే చూడి ఆవుకు రోటా టీకా వేస్తారు, ముర్రుపాల ద్వారా దూడకు కాపు దొరకాలని. మనకూ అలాంటిది కావాలంటే ముందు మన పాకల్లో ఏ రకం తిరుగుతోందో తెలియాలి. వీపీ7ను బట్టి జి రకాలు, వీపీ4ను బట్టి పి రకాలు. మన దేశపు పశువుల్లో జి6, జి10, పి11 కనబడుతున్నాయి. ఆ వైరస్ జన్యుపదార్థం 11 ముక్కలు, రెండు వైరస్‌లు ఒకే కణంలో కలిస్తే ముక్కలు మారిపోతాయి. కాబట్టి ఒకసారి చూసి వదిలేస్తే చాలదు, ఏటా చూస్తూనే ఉండాలి. ఇక్కడ ఆ పని ఒక అధ్యాపకుడు ఐస్‌డబ్బా పట్టుకుని పాక పాకా తిరిగితేనే జరుగుతోంది.

మనం పశువుల వైరస్‌కు రుణపడిన వాళ్లం కూడా. ఈ జాతి వైరస్ దూడల విరేచనాల్లో ఉందని నెబ్రాస్కాలో 1969లో తేల్చారు. పిల్లల పేగుల్లో రూత్ బిషప్ బృందం చూసింది 1973లో. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో మహారాజ్ కిషన్ భాన్ బృందానికి జబ్బు చేయని నవజాత శిశువుల్లో 116ఇ అనే వైరస్ దొరికింది. మిగతాదంతా మనుషుల రోటావైరస్‌దే, వీపీ4 ముల్లు మాత్రం పశువుల రోటావైరస్ నుంచి వచ్చింది. దాంతోనే హైదరాబాదులో భారత్ బయోటెక్ రోటావాక్ తయారుచేసింది. 2016లో పిల్లలకు రోటా చుక్కలు ఉచితంగా మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ తెలివీ, ఆ కర్మాగారాలూ ఉన్న నేల మీద దూడ కోసం ఎవరూ లెక్క కూడా రాయకపోవడం అన్యాయం. పశుసంవర్ధక శాఖ కనీసం జిల్లాకు ఒక చోటైనా దూడల పేడ నమూనాలు ఏడాది పొడుగునా పరీక్షించాలి.

అది జరిగేలోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. పుట్టిన రెండు గంటల్లోపు మొదటి విడత, రోజు తిరిగేలోపు మొత్తం తన బరువులో పదోవంతు ముర్రుపాలు దూడ కడుపులో పడాలి. ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు. జున్నుపాలు పంపమని పల్లెకు ఫోను చేసేవాళ్లు ముందు దూడ తాగిందా అని అడగండి.