దుప్పటి మీద కబడ్డీ

వదినా, ఓ వదినా! ఆ బట్టలు తర్వాత ఆరేద్దువు గానీ, జర గోడ దగ్గరికి రా. రాత్రి మా మిద్దె మీద లొల్లికి నీకు నిద్ర లేదని తెలుసు. అరుగు మీద కూసొని తిట్టుకున్నవ్ కావచ్చు. సంగతి విన్నంక తిట్టు.

సంక్రాంతికి మన గల్లీ పోరగాండ్లు పక్కూరోళ్లతోని కబడ్డీ ఆడి ఒక్క పాయింటుతోని ఓడిండ్రు గదా. ఆఖరి కూతల మనోడు బోనస్ గీత దాటిండా లేదా అని అప్పటిసంది ఒకటే పంచాయితీ. మా చిన్నోడేమో ఆటంతా ఫోన్ల పట్టిండు. ఆ ఫోన్ల చూస్తే మనుషులు చీమలంత. "కంప్యూటర్ల ఏసి దుప్పటి మీద పెద్దగ చూపిస్తనే అమ్మా" అన్నడు.

చూపిచ్చుడంటే అల్కగైతదా? అడుక్కొచ్చిన ప్రొజెక్టర్ పాతకాలంది. దానికున్నది పదిహేను తొర్రల వీజీఏ, ల్యాప్‌టాప్‌కున్నది హెచ్‌డీఎంఐ. రెండిటికీ పొత్తు కుదరలే. బస్టాండ్ కాడి దుకాణంల కన్వర్టర్ కొనుక్కొచ్చిండు. వీజీఏల బొమ్మనే పోతదట, మాట పోదట. అందుకని స్పీకర్ డబ్బా వేరే తగిలిచ్చిండు. అయినా నీలం తెర తప్ప ఏం రాలే. విండోస్ బటన్ పట్టుకొని పీ నొక్కి, డూప్లికేట్ అని ఉన్నదాన్ని ఎంచితే అప్పుడు పడ్డది బొమ్మ. నా కొత్త తెల్ల దుప్పటి కింది అంచుకు ఇటుకలు కట్టిండు. గాలి కొట్టినప్పుడల్లా ఆటగాళ్లందరికీ బొజ్జలే!

మొదలు పైసలు కట్టిన యాప్‌ల క్రికెట్ పెట్టిండు. మాట ఇనవడుతది, బొమ్మేమో నల్లగ. గసువంటి యాప్‌లు బొమ్మకు తాళం ఏస్తయట. పాత వీజీఏ తీగకు ఆ తాళం సంగతి తెల్వదు గనుక, ఎవడో కాపీ కొడుతున్నడని అనుమానపడి బొమ్మను దాస్తయట. పైసలు కట్టింది మనం, దొంగలమూ మనమే.

తాళం లేని వీడియో ఒకటి దొరికింది, నిఖత్ జరీన్‌ది. 2022 మే 19న ఇస్తాంబుల్ల 52 కిలోల బాక్సింగ్ ఫైనల్ ఆడి, థాయ్‌లాండ్ పిల్ల జిత్‌పాంగ్ జుతామస్‌ను 5–0తోని కొట్టి ప్రపంచ చాంపియన్ అయింది సూడు, అది. 2016ల మనల్ని కామారెడ్డి జిల్లాల కలిపిండ్రు గానీ, నిజామాబాద్ పిల్ల మన పిల్ల కాకుంట పోతదా? గెలుస్తదని అందరికీ తెలుసు. అయినా రిఫరీ చెయ్యి లేపేదాక ఒక్కడు సప్పుడు చేయలే.

ఆఖరికి కబడ్డీ. వీఎల్‌సీ అని ఒకటుంటది, అండ్ల ఈ అక్షరం నొక్కితే ఒక్కొక్క బొమ్మనే జరుగుతది. ఫోన్ సెకనుకు 30 బొమ్మలు పడుతదట. ముంగటి కాలు గీత దాటినప్పుడు ఎనకటి కాలు గాలిల ఉండాలె, అప్పుడే బోనస్. నొక్కిండు. ఎనకటి కాలు మట్టి మీదనే. మళ్ల నొక్కిండు. దుమ్ము. ఇంకోసారి నొక్కితే అసలు కాలే లేదు, ముగ్గు అలికినట్టు ఒక చార. పొద్దుగూకంగ పట్టిన వీడియో గదా. ఎలుతురు తక్కువైతే కెమెరా కన్ను ఎక్కువసేపు తెరుచుకుంటదట, ఉరికేటోని కాలు అలుక్కపోతదట. కదలకుంట కూసున్నోళ్లు మాత్రం సక్కగ వస్తరట.

పంచాయితీ తెగలే. కానీ నువ్విన్న లొల్లి ఆ కాలు కోసం కాదు వదినా. కాలెనకాల, గీతకవతల, జిలేబీ బండి కాడ స్టూలేసుకొని కూసున్నదెవరో అందరికీ ఒక్కసారే కనవడ్డది. నిజాంసాగర్ కాలువ నీళ్లొస్తున్నయి, మడి కాడనే ఉంటనని చెప్పి పోయిండు గదా అన్న ఆ దినం? షుగర్ గోలీ ఏసుకున్నడా లేదా అని నువ్వు నాలుగుసార్లు ఫోన్ కూడ చేస్తివి. ఒక చేతుల పొట్లం, ఇంకో చెయ్యి ఫోన్ పట్టుకొని చెవికి. మాట్లాడేది నీతోనే అనుకుంట.

నేనైతే ఏం చెప్పలే. ప్రొజెక్టర్ రేపు పొద్దుగాల వాపస్ ఇయ్యాలె. దుప్పటి ఇంక ఇప్పలేదు.