మినపగింజంత చిల్లులు రెండు

పాత కారున్న ఇంటికీ, పెళ్లి కావలసిన పిల్లవున్న ఇంటికీ సలహాలకు కొదవ వుండదు. దారినపోయే ప్రతి పెద్దమనిషీ ఒక సంబంధం చెప్పిపోతాడు. "ఆ కార్బొరేటరు పీకేసి జీపుది పెట్టించండి" అంటారొకరు. "మా బావమరిది ఫియట్‌ది వుంది, వూరికే ఇస్తాను" అంటారు మరొకరు. చెప్పిన సంబంధాల్లో చెడ్డది ఏదీ వుండదు. జీపు కార్బొరేటరు జీపుకు మంచిదే. ఫియట్‌ది ఫియట్‌కు మంచిదే. జాతకాలు చూడకుండా ముడిపెట్టడంలోనే వుంది చిక్కంతా.

మాది 1968 నాటి అంబాసిడర్, మార్క్ టూ. నాన్నగారు కొన్నారు. ఖమ్మం నుంచి భద్రాచలానికి ఏటా శ్రీరామనవమికి అమ్మను ఆ కారులోనే తీసుకువెళ్లేవారు. ఆయన పోయినా ఆ ఆనవాయితీ పోలేదు. ఎయిర్ క్లీనరు తుప్పుపట్టి చిల్లుపడితే, ఒక షెడ్డువారు వేరే బండిది తెచ్చి బిగించారు. కష్టాలు అక్కడ మొదలయ్యాయి. బండి నిలబడివున్నప్పుడు లక్షణంగా కూనిరాగం తీస్తుంది. నలభై దాటించబోతే ఆయాసం. ఎత్తు వస్తే నల్లటి పొగ. ప్లగ్గులు విప్పితే కాటుక పట్టినట్టు మసి. లీటరుకు పది కిలోమీటర్లు తగ్గని బండి ఆరుకు దిగింది.

మరో షెడ్డులో చూపిస్తే, "బోరు అరిగిపోయిందండీ. ఇంజను దింపాలి. 60 వేల పైమాటే" అన్నారు. హైదరాబాదు నుంచి మా తమ్ముడు, "అన్నయ్యా, ఆ డబ్బుతో అమ్మను నాలుగేళ్లపాటు అద్దె కారులో తిప్పవచ్చు. దాన్ని పాతసామాన్ల వాడికి ఇచ్చేయి" అన్నాడు. లెక్కకు వాడి మాట తప్పని చెప్పలేను. అమ్మ మాత్రం, "ఇచ్చేస్తే ఇచ్చేయండి. నవమి అయ్యాక ఇచ్చేయండి" అంది. ఎనభై రెండేళ్ల మనిషి. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

నవమికి పది రోజుల ముందు, బండి అసలు అంత దూరం పోగలదో లేదో చూద్దామని ఒక్కణ్నే బయలుదేరాను. కొత్తగూడెం దాకా ఎలాగో లాక్కొచ్చింది. పాల్వంచ దాటి, టేకుచెట్లూ ఇప్పచెట్లూ మొదలయ్యేచోట ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. అక్కడికి కొంచెం వెనక రోడ్డుపక్క రేకుల షెడ్డొకటి వుంది. బొగ్గుగనుల జీపులు బాగుచేసి చేతులు పండిన ముసలి మేస్త్రీ దానికి యజమాని. నలుగురు కుర్రవాళ్లు బండిని అక్కడికి తోశారు.

మేస్త్రీ ఇంజను జోలికే పోలేదు. ముందు ఎయిర్ క్లీనరు విప్పి పక్కన పెట్టాడు. కార్బొరేటరు గొంతులోకి వేలు పెట్టి లోపలి పిస్టనును పైకెత్తి వదిలాడు. అది టక్కుమని కిందపడింది. "ఇది బాగానే వుంది" అని ఇంజను స్టార్టు చేసి రేసు ఇచ్చాడు. పొగ లేదు, దగ్గు లేదు, కుర్రదానిలా అందుకుంది! ఎయిర్ క్లీనరు మళ్లీ బిగించాడు. మళ్లీ అదే దగ్గు.

"ఇంజనుకు రోగం లేదు సారూ. ఎవరో దాని ముక్కు మూశారు" అన్నాడు.

ఇక్కడ ఆ కార్బొరేటరు సంగతి కాస్త చెప్పాలి. దాన్ని ఎస్.యు. అంటారు, అంటే స్కిన్నర్స్ యూనియన్. ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే కుటుంబంలోని అన్నదమ్ములు తయారుచేశారు. కంపెనీ 1910లో ఏర్పడింది. తొలి నమూనాలలో పిస్టను బదులు తోలుతిత్తి వుండేది. చెప్పులవారి బిడ్డలకు తోలు తోచడంలో వింతేముంది! 1926లో ఆ కంపెనీని మోరిస్ కార్ల యజమాని విలియం మోరిస్ కొన్నాడు. ఆ మోరిస్‌వారి ఆక్స్‌ఫర్డ్ కారే కలకత్తా దగ్గర ఉత్తరపారలో అంబాసిడర్‌గా అవతారమెత్తి 2014 దాకా తయారైంది.

ఎస్.యు. పనితనం చూడముచ్చటగా వుంటుంది. పైన గంట బోర్లించినట్టు ఒక గది. అందులో పిస్టను. పిస్టను అడుగున సన్నని సూది. ఆ సూది పెట్రోలు వచ్చే జెట్టులో దిగి వుంటుంది. ఇంజను గాలి పీల్చినకొద్దీ పిస్టను పైన గాలి పలచబడుతుంది; పిస్టను పైకి లేస్తుంది. దానితోపాటు సూదీ లేచి పెట్రోలుకు దారి ఇస్తుంది. గాలి ఎంతో పెట్రోలు అంత. అయితే పిస్టను లేవాలంటే, పైన గాలి పలచబడితే చాలదు. కింద మామూలు గాలి వుండి దాన్ని పైకి నెట్టాలి. ఆ కింది గాలి రావడానికి ఎయిర్ క్లీనరు అతికే మూతిమీద మినపగింజంత చిల్లులు రెండు పెట్టారు.

ఇంట్లో నూనె డబ్బాకు ఒక్క చిల్లు పెడితే నూనె గుడగుడమంటుందేగాని ధారగా రాదు. ఎదురుగా రెండో చిల్లు పెట్టగానే సాఫీగా దిగుతుంది. మా అమ్మకు ఇంతకన్నా వివరంగా చెప్పవలసిన అవసరం రాలేదు.

మా బండికి బిగించిన ఎయిర్ క్లీనరు వేరే బండిది కాబట్టి దాని ప్యాకింగు సరిపోలేదు. షెడ్డువారు అట్టముక్క కత్తిరించి వేశారు. నడుమ పెద్ద చిల్లు పెట్టారు, బోల్టులకు రెండు పెట్టారు. ఆ మినపగింజంత చిల్లులు వాళ్ల కంటికి ఆనలేదు. అట్ట వాటిని మూసేసింది. పిస్టను లేవదు, గాలికి దారి ఇరుకు. ఆ ఇరుకులో పీలుపు ఎక్కువై పెట్రోలు అవసరానికి మించి వస్తుంది. నల్లపొగ అందువల్ల. 60 వేల రోగమని పేరు పెట్టుకున్నది పావలా అట్టముక్క!

"అయితే ఆ క్లీనరు తీసేసి నడిపితే పోలేదా?" అన్నాడు ఫోనులో తమ్ముడు. చాలామందికి వచ్చే ఆలోచనే. ఈ లెక్క చూడండి: ఒక లీటరు పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. ఖమ్మం నుంచి భద్రాచలానికి 120 కిలోమీటర్లు. పన్నెండు లీటర్ల పెట్రోలు. అంటే ఒక్క పోకకే లక్ష లీటర్లకు పైగా గాలి ఇంజను మింగుతుంది. అది ఎక్కడి గాలి? కొత్తగూడెం పొలిమేరల్లో బొగ్గు లారీల వెనక గాలి. అడవిబాట పక్క ఎర్రమట్టి లేచే ఎండాకాలపు గాలి. ఆ ధూళిలోని ఇసుక పోత ఇనుముకన్నా గట్టిది. బోరులోకి పోతే ఆకురాయి పెట్టినట్టే. క్లీనరు లేకుండా నడిపితే, లేని రోగం నిజంగానే వస్తుంది.

నిజానికి కొంత వచ్చింది కూడా. కొత్త క్లీనరు మూతి పెద్దది, కార్బొరేటరు మూతి చిన్నది. ఆ సందును సైకిలు ట్యూబు ముక్క చుట్టి కప్పారు. ట్యూబు ఒకపక్క ఎండి చీలింది. మేస్త్రీ కార్బొరేటరు గొంతులో వేలు తిప్పి నాకు చూపించాడు. వేలికి కుంకుమ అద్దినట్టు ఎర్రటి ధూళి. క్లీనరు పేరుకు వుంది. గాలి పక్కదారిన పోతోంది.

ఆ పూటకు ఆయన చేసిన వైద్యం చిన్నదే. మూతికి గ్రీజు రాసి అట్టమీద అద్ది, అచ్చు ఎక్కడ పడిందో అక్కడల్లా చిల్లులు కొట్టాడు. చీలిన చోట కొత్త ట్యూబు చుట్టాడు. "ఇది ఇల్లు చేరడానికే. సరయిన క్లీనరు బెజవాడలో వెతకండి. అక్కడ కార్బొరేటరులో మంచి పిస్టను వేసిస్తామంటే ఒప్పుకోవద్దు. పిస్టనూ పైగంటా జోడీ. ఒకదాని పిస్టను ఇంకోదాని గంటలో ఇమడదు" అని హెచ్చరించాడు. కూలి రెండు వందలు తీసుకున్నాడు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూటంతా తిరిగాను. మూతి కొలత కాగితంమీద గీసుకుని వెళ్లడం మంచిదయింది. పేరు చెబితే ప్రతివారూ వుందన్నారు, కాగితం పెడితే ఒక్కరి దగ్గరే సరిపోయింది. ఇంజను మీది మూత నుంచి పొగ పీల్చే గొట్టానికి కొక్కెం కూడా వుంది దానికి. మేస్త్రీ చెప్పినట్టే ఒకాయన పిస్టను ఇవ్వబోయాడు. నమస్కారం పెట్టాను.

మళ్లీ పాల్వంచ వెళ్లాను. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తోంది. దానికి గాలి పాలు కొంచెం తగ్గాలి. మేస్త్రీ జెట్టు కిందినట్టును కొద్దిగా తిప్పి జెట్టు దించాడు. పిస్టనును గోరంత ఎత్తి చెవి ఒగ్గాడు. ఎత్తినప్పుడు ఇంజను జోరందుకుని అలాగే వుండిపోతే పెట్రోలు ఎక్కువ; ఆగిపోబోతే తక్కువ; ఒక్క క్షణం లేచి సర్దుకుంటే సరి. మూడోసారికి సర్దుకుంది. పిస్టను నెత్తిన పలచని ఆయిలు నాలుగు చుక్కలు పోశాడు. ఆ ఆయిలు లేకపోతే తొక్కిన వెంటనే బండి తడబడుతుందట.

తరవాత నాలుగు సిలిండర్ల ఒత్తిడీ కొలిచాడు. మూడు సమంగా వున్నాయి. ఒకటి తగ్గింది. "ఆ ట్యూబు సందులో పోయిన మట్టి పని ఇది. ఇప్పుడేమీ కాదు. కానీ పోయింది తిరిగి రాదు" అన్నాడు. ఆ మాటకు మనసు చివుక్కుమంది.

నవమినాడు అమ్మ ముందుసీటులో కూర్చుంది. ఎత్తులన్నీ మూడో గేరులోనే ఎక్కాం. గోదావరి వంతెన మీద అద్దం దించి, 1965లో అది కట్టకముందు పడవ దాటిన రోజులు చెప్పుకొచ్చింది. మిథిలా మండపం దగ్గర జనంలో కల్యాణం చూసి, తలంబ్రాలు కొంగున ముడివేసుకుంది. తిరిగివచ్చి లెక్క చూస్తే లీటరుకు పదిన్నర. తమ్ముడు పాతసామాన్ల వాడి ప్రస్తావన మళ్లీ తేలేదు.

పాత బండి వున్నవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. బండి మొరాయిస్తే ఇంజను దింపమనే ముందు, ఈమధ్య ఏది ఏ బండిది తెచ్చి తగిలించారో చూడండి. తగిలించిన భాగం కొత్తదా, ఖరీదయినదా అని కాదు. అతుకు దగ్గర ఏ చిల్లు మూసుకుపోయింది, ఏ సందు తెరుచుకుంది అని చూడండి. మూసుకున్న చిల్లును ఒక్క పూటలో తెరవవచ్చు. తెరుచుకున్న సందులోంచి పోయిన మట్టిని మాత్రం ఏ మేస్త్రీ వెనక్కు తీసుకురాలేడు.