పట్టిసీమలో బస

పట్టిసీమ వెళ్ళదలచిన మిత్రులు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే.. "రాత్రికి ఎక్కడ దిగమంటారు?" పడవ సంగతి ఆ తరువాత అడుగుతారు. నా ఉద్దేశంలో పడవ సంగతే ముందు తెలుసుకోవాలి. వీరభద్రస్వామి కొలువున్న దేవకూటాద్రి గోదావరి నడుమ ఉన్నది. దక్షుని శిరస్సు ఖండించిన పట్టిసమనే ఆయుధం పేరే ఈ క్షేత్రానికి వచ్చిందని స్థలపురాణం. ఆ కొండకు వంతెన లేదు, పడవే దారి.

కాంబోడియాలో అంకోర్ వాట్ చూడబోయేవారికి ఈ చిక్కు లేదు. గుడికి దక్షిణంగా ఐదారు కిలోమీటర్లలో సియాం రీప్ పట్టణం ఉన్నది. పాత బజారు సందడి కావాలో, ఏటికి తూర్పున వాట్ బో వీధుల నెమ్మది కావాలో తేల్చుకుంటే సరిపోతుంది. ఎక్కడ పడుకున్నా తెల్లవారుజామున బండెక్కి గుడి ముందు దిగవచ్చును. ఇక్కడ అట్లా కాదు. రేవు దాకా వచ్చినవాడు కూడా నది దయ కోసం నిలబడాలి.

మనకున్న దారులు మూడు. మొదటిది రాజమహేంద్రవరం. రైలు దిగగానే గది, భోజనం, వైద్యుడు, సాయంత్రం పుష్కరఘాట్‌లో కాసేపు కూర్చునే వీలు. కాని ఉదయం 1974 నాటి రోడ్డు-రైలు వంతెన దాటి, కొవ్వూరు, తాళ్ళపూడి మీదుగా రేవు చేరేసరికి ఎండ ఎక్కుతుంది. రెండవది కొవ్వూరు. ఇదీ రైలున్న ఊరే, పైగా పట్టిసీమ ఉన్న గట్టునే ఉన్నది. వేకువనే గోష్పాద రేవులో మునిగి బయలుదేరితే ఎండకు ముందే చేరవచ్చును. మూడవది పట్టిసీమ ఒడ్డే. అక్కడ పట్నపు సౌకర్యాలు ఆశించరాదు. దొరికిన గదితో తృప్తి పడాలి.

మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆవిడను తీసుకువెళ్ళేటప్పుడు నా మనసంతా రాజమహేంద్రవరం మీదనే ఉండెను. అర్ధరాత్రి ఒంట్లో బాగులేకపోతే ఏం చేయాలన్నది నా బెంగ. ఆవిడ ఒక్క మాటతో తేల్చేసింది: "ఒరేయ్, ఈ కాళ్ళతో ఆ మెట్లు ఎక్కేది ఒక్కసారే. పడవ కోసం పరుగెత్తించకు." ఆ మాటతో ఒడ్డునే బస కుదిరింది. చల్లటి వేళ మొదటి పడవెక్కి, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి చేరాము. మధ్యాహ్నానికి వెనక్కు పరుగెత్తవలసిన పని లేదు గనుక ఆవిడ భావనారాయణస్వామి సన్నిధిలో కూడా తీరికగా కూర్చున్నది. సాయంత్రం ఒడ్డు నుండి కొండను చూస్తూ, "ఇక్కడివాళ్ళు రోజూ చూసేది ఇదేనా!" అన్నది. అందులో కాస్త అసూయ వినిపించింది నాకు.

అయితే అందరూ ఒడ్డునే దిగాలని నేననను. వేసవిలో ఇసుక తిన్నెల మీద నడక తప్పకపోవచ్చు. వరద కాలంలో పడవలు ఆగిపోతాయి. అప్పుడు ఒడ్డున గది తీసుకున్నా దూరం నుండి దణ్ణం పెట్టుకోవడమే. మనుషులను దాటనివ్వని ఆ వరద నీరే, 2015లో మొదలైన ఎత్తిపోతల పథకపు 24 పంపుల ద్వారా పోలవరం కుడి కాలువలో పడి కృష్ణకు చేరుతుంది! శివరాత్రి తీర్థం నాడైతే ఇసుక వేస్తే రాలనంత జనం. అప్పుడు వృద్ధులను కొవ్వూరులో ఉంచడమే క్షేమం.

ఇంకొక మాట. పట్నంలో దిగి వచ్చేవాడి నుండి ఈ ఊరికి దక్కేది పడవ కిరాయి, కొబ్బరికాయ వెల మాత్రమే. ఒక రాత్రి ఉంటే ఒక పూట భోజనం, ఉదయం కాఫీ, నాలుగు మాటలు కూడా ఇక్కడే ఖర్చవుతాయి. నది అనుకూలంగా ఉన్న రోజుల్లో, ఆరోగ్యం సహకరించేవారు ఒక్క రాత్రి ఒడ్డున గడపండి. తతిమ్మావారికి కొవ్వూరు ఉండనే ఉన్నది.