కాంగేయపు పచ్చిక బీళ్లు

గడచిన సంక్రాంతి సెలవులలో మేము కోయంబత్తూరునందున్న మా పెద్దమ్మగారి కొమార్తె యింటికి పోయియుంటిమి. ఆ ప్రాంతమున తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా నున్నవి గనుక పరాయిచోటికి వచ్చితిమన్న తలంపే కలుగలేదు. పాఠశాల తెరచుటకు ఇంకను మూడు దినములు వ్యవధి యుండెను. "ఇంతదూరము వచ్చి కాంగేయపు ఆవులను చూడకపోవుట యేమి?" అని అక్కగారు మమ్ము బయలుదేరదీసిరి. ఆవులను చూడబోయి మేము గడ్డిని చూచి వచ్చితిమి. ఆ సంగతి సోదరీమణులకు మనవి చేయుటకే యీ నాలుగు మాటలు.

అప్పటికి మా యింట నొక చిక్కు నడచుచుండెను. అనంతపురము జిల్లాలో మా మామగారు విడిచిపోయిన మూడెకరముల బీడు కలదు. చుట్టునున్న మెట్ట యంతయు ఏటేట వేరుసెనగకై దున్నబడుచుండగా, ఈ బీడొక్కటే మిగిలినది. దానిని గూడ దున్నించి, ఆ రాబడితో మా అమ్మాయి కళాశాల రుసుము చెల్లింపవలెనని మావారి యుద్దేశము. "బీడు పోయిననాడు ఈ రెండావులును పోవును" అని అత్తగారి దుఃఖము. ఇరువురి మాటయందును న్యాయము కనబడుటచే మేము నోరు మెదపలేకపోతిమి.

కోయంబత్తూరు నుండి పల్లడము మీదుగా బస్సులో కాంగేయము చేరితిమి. అది 2009లో ఏర్పడిన తిరుప్పూరు జిల్లాలోనిది. వాన తక్కువ, నేల గరుసు. మా సీమవలెనే యున్నదే యనుకొంటిమి. కాని దారికిరువైపులను మడులుగా విభజింపబడిన పచ్చిక బీళ్లు కనబడజొచ్చినవి. ఒక్కొక్క మడి చుట్టును కిలువై యను ముండ్లచెట్ల సజీవమైన కంచె. నడుమనడుమ తెల్లతుమ్మ చెట్లు. నేలనిండ మన వ్యవసాయశాఖవారు అంజన్ గడ్డి యనునట్టి గడ్డి. ఇట్టి బీటిని అచ్చటివారు కొరంగాడు అందురు. ఇవి ఊరుమ్మడివి కావు. ఎవరి బీడు వారిదే.

మేము దిగిన యింటి గృహిణి మా అత్తగారి యీడుది. అక్కగారు ఆమె తమిళమును మాకు తెలుగు చేసిరి. ఒక మడిలో ఆవులు మేయుచుండెను. ప్రక్కమడిలో గడ్డి మోకాలెత్తున నిలిచి యెండుచున్నను ఒక్క పశువైనను లేదు. "ఇంత మేత యుండగా ఏల తోలరు?" అని యడిగితిమి. "వానకు చిగిర్చిన గడ్డి గింజరాల్చువరకు తోలము తల్లీ. మొదలంట మేపినచో వచ్చే యేటికి నేనేమి పెట్టుదును?" అని యామె నవ్వెను. ఎండకాలమున తెల్లతుమ్మకాయలు రాలి పశువులకు ఆదుకొనునట.

పిదప ఆమె గునపముతో ఒక గడ్డిదుబ్బును పెకలించి మా చేతికిచ్చెను. జడవలె అల్లుకొన్న వేళ్లు, వాని నంటుకొని నల్లబారిన మన్ను, తొలకరి వాసన. దారిప్రక్క బోసినేల మన్ను దోసిట తీయగా అది వట్టి యెఱ్ఱదుమ్ము. రెంటికిని నడుమ దూరము పది యడుగులు.

మావారు అచ్చటనే మాకు దాని మర్మము విప్పిచెప్పిరి. గడ్డియాకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, అందలి కర్బనముతో తన యొడలు కట్టుకొనును. అందు గొంత భాగము వేళ్లకు దిగును. వేళ్లు చచ్చి క్రుళ్లునపుడు సూక్ష్మజీవులు వానిని తినగా మిగిలినది మట్టిరేణువులను పట్టుకొని నిలుచును. ప్రపంచమందలి నేలలు ఇట్లు దాచుకొన్న కర్బనము, గాలిలోను చెట్టుచేమలలోను ఉన్నది కలిపినదానికంటెను హెచ్చు. నాగలితో పెల్లగించినచో గాలి సోకి సూక్ష్మజీవులు చెలరేగి, ఏండ్లతరబడి కూడినది త్వరలోనే గాలిపాలగును. మొదలంట మేపినచో వేళ్లకే తిండిలేక కృశించును. కావున గడ్డికి విశ్రాంతి యిచ్చుట నేలకు కూడబెట్టుటయే.

విరాటపర్వమున గోగ్రహణములు చదువుకొన్న దినములలో ఆలమందలను గూర్చి యెంతో తలపోసితిమి గాని, ఆ మందలు మేసిన నేలను గూర్చి ఒకనాడైనను తలపలేదు. ప్రభుత్వమువారు 2015 నుండి యిచ్చుచున్న భూసార పత్రము మా బీరువాలో నుండెను. తిరిగివచ్చి తీసి చూచితిమి. మా వేరుసెనగ చేనికి సేంద్రియ కర్బనము "తక్కువ" అని యుండెను. నూటికి అర పాలునకు లోబడినచో అట్లు వ్రాయుదురు. మెట్టనేలలలో ననేకముల గతి యిదియే.

ఇది సర్వరోగనివారిణి యని మేము చెప్పజాలము. ఆవు నెమరువేయునపుడు మీథేను వాయువును విడుచును. అదియును భూమిని వేడెక్కించునదే. నేల కడుపునకును మితి కలదు. కొన్ని దశాబ్దములకు నిండి నిలిచిపోవును. అయినను 2015లో పారిసునగరమున జరిగిన వాతావరణ మహాసభలో, నేలలలోని కర్బనమును ఏటేట వేయింటికి నాలుగు పాళ్లు పెంచుదమను సంకల్పమొకటి వెలువడినది. అంత గొప్పసభ తలపెట్టినదానికి మూడెకరముల బీడును పనికివచ్చునని తోచి ధైర్యము కలిగినది.

బీడు దున్నలేదు. మా గాజుల జత బ్యాంకున కుదువబెట్టి అమ్మాయి రుసుము కట్టితిమి. మావారు బీటిని కంపతో మూడు మడులు చేయించిరి. మా జిల్లా రైతులే పండించు స్టైలో విత్తనము తెచ్చి, వేడినీట నాలుగైదు నిమిషములుంచి, తొలకరికి గడ్డినడుమ చల్లితిమి. అది పప్పుజాతి మొక్క గనుక నేలకు నత్రజనిని గూడ నిచ్చును. ఈ యేడు ఆవులను ఒక్క మడిలోనే విడిచితిమి. తక్కిన రెంటిలో అరజానెడు మోడు నిలిపి కొడవలితో కోసి వేయుచున్నాము. పాలు తొలుత కొంత తగ్గినవి, అత్తగారు సహించిరి.

కర్బనము పెరిగినదా యనుటకు ఇంకను కొన్నియేండ్లు పట్టును. గాజులు నింకను విడిపింపలేదు. కాని మొన్నటి వానకు ప్రక్క చేని నీరు ఎఱ్ఱగా పారిపోవుచుండగా, మా బీటినీరు చాలవరకు అచ్చటనే యింకినది. అత్తగారు గట్టుమీద నిలిచి చూచి, ఏమియు ననక, ఆవులకు నీరు పెట్టబోయిరి.