వినుటయు వైద్యమే

గడచిన యేడు మా తల్లిని వైద్యునియొద్దకు తోడ్కొనిపోయితిని. "మోకాలు నొప్పి, నాయనా, మఱి..." అని ఆమె చెప్పబోవుచుండగనే ఆయన మందుచీటి వ్రాసి చేతికిచ్చెను. మిగిలిన మాట యేమని ఇంటికి వచ్చి అడిగితిని. మా తండ్రి గతించిన నాటినుండి ఆమెకు నిద్ర లేదు, అన్నము సహింపదు. వైద్యునికి ముఖ్యముగా తెలియవలసినది ఆ మాటయే.

ఈ దోషము ఆయన యొక్కనిదే కాదు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అను పరిశోధకులు అమెరికాలో 74 సందర్శనములను పరీక్షింపగా, రోగి నోరు విప్పిన సగటున 18 సెకండ్లకే వైద్యుడు అడ్డుపడుచున్నట్లు తేలెను. 1968లో కెనడాలో కుటుంబవైద్యమునకు తొలి ఆచార్యుడైన ఇయాన్ మెక్‌విన్నీ, రోగమునే గాక రోగిని, అతని భయమును, కోరికను గూడ ఎఱుగవలయునని బోధించెను.

కాని బోధ మాత్రమున నేర్పు కలుగునా? గ్రంథము చదివినవానికి ఈత రాదు. మన దేశమున 2019 నుండి వైద్యవిద్య సామర్థ్యప్రధానమైనది. సంభాషణము, నీతి, ప్రవర్తనము పాఠ్యాంశములైనవి. మేలే. అయినను గురువు ప్రక్కన నిలిచి, శిష్యుడు రోగి మాట వినుచున్నాడా యని కన్నులార చూచి, లోపము చెప్పి, మరల చేయింపనిదే ఆ సామర్థ్యము కాగితముననే యుండును.

"నూర్గురు వేచియుండగా వినుటకు కాలమేది?" అందురు. అదియు నిజమే. కాని విననందున రోగి మూడుమార్లు తిరిగివచ్చినచో ఆదాయైన కాలమేది?

మా తల్లి ఆ మాత్రలు మ్రింగలేదు. పొట్లము నేటికిని గూటిలోనే యున్నది.